రెండో వరుస చుట్టాలు

ఎలుకలకు పేర్లు పెట్టకూడదు. యూనివర్సిటీ పరిశోధనశాలలో ఎలుకలుండే గది తలుపుకు అతికించిన నియమాల కాగితంలో అది నాలుగోది. లోపలికొచ్చే ముందు చేతులు కడుక్కోవాలన్నది మొదటిది, తలుపు దగ్గరగా వెయ్యాలన్నది రెండోది, గట్టిగా మాట్లాడకూడదన్నది మూడోది. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ గదిలో మేత వేసి, నీళ్లు పెట్టి, పంజరాల్లో పొట్టు మార్చే పెద్దాయన ఈ మూడింటినీ తుచ తప్పకుండా పాటిస్తాడు. నాలుగోదానితోనే ఆయనకు పడదు. రోజూ పొద్దున్నే ముఖాలు చూసుకునేవాళ్ల మధ్య పేరు లేకుండా ఎలా కుదురుతుందని ఆయన వాదన. ఆ వాదన ఎవరి దగ్గరా పెట్టుకోలేదు లెండి. తనతో తనే వాదించుకుని, తనే గెలిచి, పేర్లు పెట్టేశాడు.

అయితే అన్నిటికీ పెట్టలేదు. గదిలో ఇనుప బల్లల మీద మూడు వరుసల పంజరాలు. వరుసకు ఆరు పంజరాలు, పంజరానికి రెండేసి మగ ఎలుకలు. మొదటి వరుసవి ఏ రోగమూ రొష్టూ లేకుండా తిని పడుకునే బాపతు. రెండో వరుసకూ మూడో వరుసకూ సూదిమందుతో షుగర్ జబ్బు తెప్పించారు. మూడో వరుసకు రోజూ ఆకుమందు పడుతుంది. రెండో వరుసకు ఉత్త నీళ్లు. మందు వేసినదానికీ వెయ్యనిదానికీ తేడా తెలియాలంటే వెయ్యనివి కూడా కొన్ని ఉండాలి కదా, అవే ఈ రెండో వరుసవి. చదువుకున్నవాళ్లకు అది న్యాయంగానే ఉంటుంది. రెండో వరుసలో పుట్టి చూస్తే తెలుస్తుంది ఎంత న్యాయమో.

పెద్దాయన ఆ పన్నెండింటితోనే చుట్టరికం కలుపుకున్నాడు. పంజరం మధ్యలో బోర్లా పడుకుని ఎవరొచ్చినా లేవనిది వియ్యంకుడు. తన మేత వదిలేసి పక్కదాని మేత వంక చూసేది తోడల్లుడు. ఒకదాని తోక మీద ఒకటి తల పెట్టుకుని పడుకునే జంట పెద్ద బావమరిది, చిన్న బావమరిది. ఇలా మేనత్త కొడుకు దాకా అన్ని వరుసలూ సరిపోయాయి. వాటితో చుట్టరికం కలవడానికి ఇంకో కారణం కూడా ఉంది. పెద్దాయనకు పన్నెండేళ్లుగా షుగరు. ఎంత తాగినా తీరని దాహం ఎలా ఉంటుందో, తాగిన నీళ్లు ఒంట్లో నిలవకపోతే ఎలా ఉంటుందో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. మొదటి వరుస ఎలుక మూడు రోజులు తాగే నీళ్లు రెండో వరుస ఎలుక ఒక్క రోజులో తాగేస్తుంది. వేసిన పొట్టు సాయంత్రానికి తడిసి ముద్దవుతుంది. ఆ తడిపొట్టు ఎత్తేటప్పుడల్లా ఆయన, పోన్లేరా, మన ఒంటి తీరే అంత అని వాటికి నచ్చజెప్పేవాడు.

ఇక ఆకమ్మాయి సంగతి. ఆమెకు సొంత పేరు ఉందిగానీ మూడేళ్లుగా ఒకే ఆకు పట్టుకు వేలాడుతోందని ఆ భవనంలో అందరూ ఆకమ్మాయి అనేస్తారు. షుగర్ జబ్బు ముదిరితే మగజీవికి సంతానం కలిగే యోగ్యత సన్నగిల్లుతుంది. అలా సన్నగిల్లినదాన్ని ఆ ఆకు మళ్లీ నిలబెడుతుందేమో చూడాలన్నదే ఆమె పరిశోధన. ఆకు నీడన ఆరబెట్టాలి, పొడి కొట్టాలి, స్పిరిట్లో నానబెట్టాలి, వడకట్టాలి, సన్నటి వేడి మీద ఆవిరి చెయ్యాలి. చివరికి గాజు ఫ్లాస్కు అడుగున నల్లపచ్చని జిగురు ముద్ద మిగులుతుంది. దాన్ని తూకం వేసి నీళ్లలో కలిపి, గుండుమొన సూదితో మూడో వరుసలోని ఒక్కొక్క ఎలుక గొంతులోకీ దించాలి. ఇదంతా ఆమె పొద్దున్న ఎనిమిదింటికల్లా పూర్తి చేసి, ఖాళీ ఫ్లాస్కు తొట్టి పక్కన పెట్టి వెళ్లిపోయేది. ఫ్లాస్కు కడగడం పెద్దాయన పని.

అదుగో, అక్కడే వచ్చింది చిక్కు.

పెద్దాయన గిన్నె ఊడ్చి తినే మనిషి. పారబొయ్యడమంటే ఆయనకు ఒంటి మీద తేళ్లూ జెర్రులూ పాకినట్టుంటుంది. ఆకమ్మాయి ఎంత గీకినా ఫ్లాస్కు అడుగున ఇంకా ఒక పొర మందు అంటుకునే ఉండేది. పది రోజులు దాన్ని తొట్టిలో ఒలకబోస్తూ ఒలకబోస్తూ ఆయన ప్రాణం ఉసూరుమంది. ఒక పక్క మందు గొట్టంలోకి పోతోంది, ఇంకో పక్క వియ్యంకుడు లేవలేక పడి ఉన్నాడు. పదకొండో రోజు ఆయన ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లు పోసి, బాగా గిలక్కొట్టి, ఆ నీళ్లు తొట్టిలో పోసే బదులు రెండో వరుస నీళ్ల సీసాల్లో పోశాడు. మందు వెయ్యడం పరిశోధకుల పనే తప్ప ఇంకెవరూ చెయ్యకూడదని ఆ కాగితంలో ఐదో నియమం ఉన్నమాట నిజమే. కానీ ఇది మందు వెయ్యడం ఎలా అవుతుంది? సీసా కడిగిన నీళ్లాయె. ఈ వాదన కూడా ఆయన తనతోనే పెట్టుకుని తనే గెలిచాడు.

చేసేదేదో పద్ధతిగా చెయ్యడం ఆయనకు అలవాటు. ఫ్లాస్కును మూడుసార్లు కడగడం, ఆ నీళ్లన్నీ ఒక గాజు కొలపాత్రలో పొయ్యడం, గీత చూసుకుని ఆరు సీసాల్లో సమానంగా పంచడం. ఒక బావమరిదికి ఎక్కువా ఇంకో బావమరిదికి తక్కువా అనే మాటే రాకూడదు. ఒకరోజు ఆయన కూడా ఒక మూతెడు రుచి చూశాడు. నోరంతా ఎంత చేదయిందంటే, మధ్యాహ్నం డబ్బాలోని అన్నం చేదు, మంచినీళ్లు చేదు, సాయంత్రం భార్యతో మాట్లాడిన మాట కూడా కాస్త చేదుగానే వచ్చింది. మర్నాడు వేలు గుచ్చి చూసుకుంటే షుగర్ ఎప్పుడెంతో అంతే. మళ్లీ ఆ జోలికి పోలేదు.

రెండు నెలలు గడిచాయి. వియ్యంకుడు లేచి నడవడం మొదలుపెట్టాడు. తోడల్లుడు పక్కవాడి మేత చూడటం మానలేదుగానీ తన మేత కూడా తినసాగాడు. ఆకమ్మాయి వారం వారం తోక చివర నుంచి రక్తం చుక్క తీసి చూస్తూ, రెండో వరుసలో షుగర్ కాస్త దిగుతున్నట్టుందే అని రెండుమూడుసార్లు అనుకుంది. అనుకుని మిషన్ మీద నేరం మోపి కొత్త మిషన్ తెప్పించింది. కొత్తది కూడా అదే చెబితే ఈసారి రక్తం చుక్క వేసే స్ట్రిప్పుల డబ్బాను తిట్టింది. మందు ఆగిపోయాక పెళ్లిళ్లు మొదలయ్యాయి. ఒక్కొక్క మగదానికీ విడిగా ఒక పంజరం, అందులో ఇద్దరేసి పెళ్లికూతుళ్లు, వారం రోజుల కాపురం. వారం తర్వాత పెళ్లికొడుకును తీసేసి, పెళ్లికూతుళ్లకు పిల్లలు పుడతారా లేదా అని మూడు వారాలు ఎదురుచూడటం.

పుట్టారు. మొదటి వరుసలో పన్నెండింటికి పదకొండు తండ్రులయ్యాయి. మూడో వరుసలో, అంటే ఆకుమందు తాగినవాటిలో ఎనిమిది. ఇంతవరకూ ఆకమ్మాయి ముఖం వెలిగిపోతూనే ఉంది. రెండో వరుస పంజరాలు తెరిచాక ఆ వెలుగు ఆరిపోయింది. ఏ మందూ లేని ఆ జబ్బు ఎలుకల్లో ఒకటో రెండో తండ్రులైతే గొప్ప అనుకుంటే, ఏడు అయ్యాయి. వియ్యంకుడి వాటాకే తొమ్మిది మంది, ఎర్రగా, వేలి కణుపంత, కళ్లు తెరవని పిల్లలు.

పెద్దాయన గుండె మొదట పొంగింది. తర్వాత ఆకమ్మాయి ముఖం చూశాడు, కుంగింది. ఎనిమిదికీ ఏడుకూ తేడా ఏముంది? మందు వేసినా అంతే, వెయ్యకపోయినా అంతే అని కదా అర్థం. ఆమె ఎత్తు పీట మీద కూర్చుని రిజిస్టర్ ముందుకూ వెనక్కూ తిప్పుతూ అరగంట గడిపింది. ఏడిస్తే ఓదార్చవచ్చు, ఏడవలేదు. పెద్దాయన తేలు కుట్టిన దొంగలా చీపురు పట్టుకుని ఊడ్చినచోటే ఊడ్చాడు.

మధ్యాహ్నం పెద్ద మేడం వచ్చింది. ఆ శాఖకు ఆవిడే పెద్ద దిక్కు, ఆకమ్మాయికి గురువు. అంకెలు చూసి కళ్లజోడు తీసి తుడుచుకుంది. మూడేళ్లు కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయిందని, పైగా ఆ ఎలుకకు కూడా మన అవసరం లేదని తేలిందని అంది. ఆవిడ హాస్యం ఎప్పుడూ అంతే, ఎవరికీ నవ్వు రాదు. సోమవారం కమిటీ ముందు ఆకు పని చెయ్యలేదని ఉన్నదున్నట్టు చెప్పెయ్యమంది. ఇప్పటికే రెండుసార్లు గడువు పెంచిన కమిటీ ఆ మాట విన్నాక పరిశోధన అక్కడితో మూసెయ్యమంటుంది. ఆకమ్మాయి మూడేళ్లు బూడిదలో పోసిన పన్నీరే. ఇదంతా పంజరాలకు అవతల పక్క నిలబడి పెద్దాయన విన్నాడు. అది శుక్రవారం.

ఇంటికెళ్లి కాళ్లు కడుక్కుని కూర్చున్నాడుగానీ ముద్ద దిగలేదు. చెబుదామంటే ఐదు నెలల్లో రిటైర్ అవుతున్నాడు. ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్క మాట పడలేదు. ఈ వయసులో నియమం తప్పిన మనిషని ముద్ర వేసి గెంటేస్తే ఆ భవనం ముందు నుంచి మళ్లీ నడవగలడా? పోనీ చెప్పకుండా ఊరుకుందామంటే, మంచి ఆకును చెడ్డదని ఆ పిల్ల చేతే చెప్పించినట్టవుతుంది. శనివారం పొద్దున్నే వెళ్లి మేత వేసి వచ్చి, మింగలేక కక్కలేక రోజంతా ఇంట్లో అటూ ఇటూ తిరిగాడు. ఆయన భార్య పన్నెండేళ్లుగా ఆయన జేబుల్లో మిఠాయి కాగితాలు వెతికి పట్టుకుంటున్న మనిషి. ముఖం చూడగానే ఏదో దాస్తున్నాడని పసిగట్టి, ఎన్ని తిన్నారు అని అడిగింది. తిన్నది కాదు, తాగించింది అని ఆయన మొత్తం చెప్పేశాడు.

ఆవిడ అంతా విని, ముందు ఆ మూతెడు రుచి చూసిన సంగతి మీద గంటసేపు తిట్టింది. అది అయ్యాక అసలు మాటకు వచ్చింది.

"చుట్టాలు చుట్టాలని ఆ ఎలుకల మీద అంత జాలిపడ్డారే, ఆ పిల్ల మీకేమీ కాదా? మూడేళ్లుగా బాబాయ్ అంటోంది. అది వరుస కాదా?"

తనతో తను వాదించుకుంటే గెలవడం తేలిక, భార్యతో అలా కాదు.

సోమవారం పొద్దున ఏడున్నరకు వెళ్లేసరికి ఆకమ్మాయి అప్పటికే వచ్చి ఉంది. ఇస్త్రీ చీర కట్టుకుంది. కమిటీకి వెళ్లే రోజు కదా. ఎండిన ఆకు నింపిన పెద్ద గాజు జాడీని చెత్తబుట్ట పక్కన పెట్టింది. ఇంకా అందులో వెయ్యలేదు, పక్కన పెట్టింది. అది చూశాక పెద్దాయన ఇక ఆగలేదు. చేతులు కడుక్కున్నాడు, తలుపు దగ్గరగా వేశాడు, నెమ్మదిగానే మాట్లాడాడు. ఆ పరిస్థితిలో కూడా మూడు నియమాలూ తప్పలేదు.

"అమ్మాయ్, నీ ఆకు మంచిదే. తప్పు నాది. రెండో వరుసకి కూడా మందు పడింది, నేనే పోశాను."

ఆమె మొదట అర్థం కానట్టు చూసింది. ఆయన ఫ్లాస్కు చేతిలోకి తీసుకుని, ఇదిగో ఇలా కడిగి, ఇలా గిలక్కొట్టి, ఇలా కొలిచి అని చేసి చూపించాడు. కోప్పడుతుందనుకున్నాడు. విసిరికొట్టినా పడదామని సిద్ధపడే వచ్చాడు. ఆమె కోప్పడలేదు. కలం తీసి రిజిస్టర్ తెరిచి అడగడం మొదలుపెట్టింది. ఏ రోజు నుంచి అంటే పదకొండో రోజు నుంచి అన్నాడు. ఆదివారాలో అంటే ఆదివారాలు కూడా అన్నాడు. ఎన్నిసార్లు కడిగేవారు, ఎంత నీళ్లు, ఒక్కో సీసాకు ఎంత అంటే అన్నీ గీతల్తో సహా చెప్పాడు. ఆమె లెక్కవేసింది. ఫ్లాస్కుకు అంటుకుపోయేది తక్కువేమీ కాదు, దాదాపు పావు వంతు. ఇక షుగర్ ఉన్న ఎలుకలు సీసాలో చుక్క మిగల్చవు. ఉత్త నీళ్ల వరుస అనుకున్నది రెండు నెలలుగా మందు నీళ్లు బొక్కెనలకు బొక్కెనలు తాగుతోందన్నమాట.

"బాబాయ్, నాకంటే మీరే పద్ధతిగా వేశారు" అంది ఆమె. ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియక పెద్దాయన ఫ్లాస్కును మళ్లీ కడగబోయి, గుర్తొచ్చి ఆగిపోయాడు.

తర్వాత ఆమె, అసలు ఎందుకు పొయ్యాలనిపించింది అని అడిగింది. పెద్దాయన ఉన్నమాట చెప్పాడు. మూడో వరుసవి పంజరంలో చెంగుచెంగున తిరుగుతుంటే ఇవి మూలన ముడుచుకుని కూర్చునేవని, మందు మొదలుపెట్టక ముందు నుంచీ, ఇంకా చెప్పాలంటే పంజరాల్లో సర్దిన మొదటి రోజు నుంచీ అవి అంతే నీరసంగా ఉండేవని, చూస్తూ ఉండలేకపోయానని చెప్పాడు.

ఆకమ్మాయి కలం ఆగిపోయింది. చెవుల దాకా ఎర్రబడింది. మొదటి రోజు నుంచీనా అని అడిగి, ఆయన అవునంటే, కలం మూసి పక్కన పెట్టింది.

"మీకు జాలి వెయ్యడంలో తప్పు లేదు బాబాయ్. అవి నిజంగానే నీరసమైనవి. నేనే ఏరి అక్కడ వేశాను."

ఏ ఎలుక ఏ వరుసకు వెళ్లాలో చీటీలు తీసి తేల్చాలి. అది పద్ధతి. ఆ రోజు రేకు డబ్బాలో చీటీలు వేసి, ఊపి, తీసింది కూడా ఆమే. తీసినంతవరకూ సవ్యంగానే తీసింది. తీరా చూస్తే హుషారుగా ఉన్న నాలుగు ఎలుకలు ఉత్త నీళ్ల వరుసకు పడ్డాయి, నీరసంగా ఉన్నవి నాలుగు తన ఆకు వరుసకు వచ్చాయి. ఆమెకు మనసొప్పలేదు. మూడేళ్లు నీడన ఆరబెట్టిన ఆకాయె, దాని మీద మమకారం ఉండదా? చుట్టూ చూసి, ఎవరూ లేరని, ఆ నాలుగు చీటీలూ అటుదిటూ ఇటుదటూ మార్చేసింది. నాలుగే కదా, ఏమవుతుందిలే అనుకుంది. ఆ రోజు నుంచీ ఈ మాట ఎవరికీ చెప్పలేదు, చివరికి తనకు తను కూడా చెప్పుకోలేదు. అందుకే రెండో వరుసలో అందరికంటే దిగాలుగా ఉన్నవి కూడబలుక్కున్నట్టు ఒక్కచోట చేరాయి, పెద్దాయన కంట పడ్డాయి, ఆయన మనసు కరిగింది, ఫ్లాస్కు కడిగిన నీళ్లు పోశాడు. ఆమె అక్కడ వెయ్యకపోతే ఆయన ఇక్కడ పోసేవాడే కాదు. తిలాపాపం తలా పిడికెడు అంటారే, అదీ సంగతి.

పెద్దాయనకు కోపం రాలేదు. తను ఒక్కడే దొంగ అనుకుని రెండు రోజులు అన్నం మానేస్తే పక్కనే ఇంకో దొంగ ఉందని తెలిసి, నిజం చెప్పాలంటే, ప్రాణం కాస్త తేలికపడింది. తర్వాత ఆ పిల్లను చూస్తే మళ్లీ బరువెక్కింది. చీటీల సంగతి ఆమె చెప్పకుండా ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. మొత్తం నేరం ఈ ముసలాయన నెత్తిన పెట్టి గడువు అడిగి తెచ్చుకోవచ్చు. ఆ మాటే ఆయన పైకి అన్నాడు. నా ఒక్కడి సంగతే చెప్పు తల్లీ, నాకెలాగూ ఐదు నెలలే కదా అన్నాడు. ఆమె జాడీని చెత్తబుట్ట పక్క నుంచి తీసి బల్ల మీద పెట్టి, లేవండి బాబాయ్, ఇద్దరం వెళ్దాం అంది.

పెద్ద మేడం గదిలో ఇద్దరూ బల్లకు ఇవతల పక్కపక్కన నిలబడ్డారు. ముందు ఆయన చెప్పాడు, తర్వాత ఆమె చెప్పింది. ఆవిడ కళ్లజోడు తీసింది, తుడిచింది, పెట్టుకుంది, మళ్లీ తీసింది.

"ఒకరు జాలితో చెడగొట్టారు, ఒకరు ఆశతో చెడగొట్టారు. ఈ మొత్తంలో తమ పని తాము సక్రమంగా చేసింది ఆ ఎలుకలొక్కటే."

ఈసారి మాత్రం పెద్దాయనకు నవ్వొచ్చింది. వచ్చినందుకు వెంటనే తల దించుకున్నాడు. ఆవిడ ఇద్దరినీ చెడామడా తిట్టింది. ఇరవై తొమ్మిదేళ్లుగా ఇక్కడున్న మనిషి అని ఆయన్నూ, ఇంత చదువు చదివి అని ఆమెనూ దేనికదే విడివిడిగా, ఎవరి వాటా వాళ్లకు తగ్గకుండా తిట్టింది. తిట్టడం అయ్యాక కాగితం తీసి రాసింది. కమిటీ ముందు కూడా ఏదీ దాచలేదు. అక్కడున్న నలుగురిలో ఇద్దరు పరిశోధన మూసెయ్యమన్నారు. మూడో ఆయన, దొంగతనం తనే బయటపెట్టిన విద్యార్థిని ఈ కుర్చీలో కూర్చున్నాక మొదటిసారి చూస్తున్నానన్నాడు. నాలుగో ఆవిడ సీసా కడిగిన నీళ్ల గురించి ఇంకా వివరంగా చెప్పమంది. చివరికి నాలుగు నెలలు ఇచ్చారు. అదే ఆఖరు, మొత్తం మొదటి నుంచీ చెయ్యాలి. పెద్దాయనకు హెచ్చరిక కాగితం ఒకటి వచ్చింది. ఆయన భార్య దాన్ని మడిచి అల్మరాలో ఆయన షుగర్ రిపోర్టుల పక్కన పెట్టింది.

కొత్త ఎలుకలు వచ్చాయి. ఈసారి చీటీలు పెద్ద మేడం తీసింది. తీస్తున్నంతసేపూ ఆ ఇద్దరినీ గోడ వైపు తిరిగి నిలబడమంది. జబ్బు ఎలుకల వరుసలు రెండింటికీ పేర్లు లేవు, ఒకదాని సీసాలకు ఎర్ర మూతలు, ఒకదానికి నీలం మూతలు, అంతే. ఏ రంగు ఆకుమందో ఏ రంగు ఉత్త నీళ్లో ఒక కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అతికించి, తన సొరుగులో వేసి తాళం వేసుకుంది. మందు కలపడం కూడా తన గదిలోనే. సిరంజీలకు నల్ల కాగితం చుట్టి రోజూ పొద్దున రెండు పళ్లేల్లో పంపేది. ఆకమ్మాయి రెండు వరుసలకూ ఒకేలా వేసేది. ఇక ఫ్లాస్కు. ఫ్లాస్కు ఎవరి చేతికీ ఇవ్వలేదు. అంత పెద్ద శాఖకు అధిపతి, పొద్దున్నే కొంగు దోపుకుని తొట్టి దగ్గర నిలబడి ఫ్లాస్కు తోముతుంటే దారినపోయే వాళ్లందరూ తొంగిచూసి వెళ్లేవారు.

పెద్దాయనకు ఇది కొత్త కష్టం తెచ్చిపెట్టింది. ఎవరి మీద జాలిపడాలో తెలియదు. ఎర్ర మూతల వరుసలో ఒకటి ముడుచుకుంటే, అయ్యో, మందు లేనివి ఇవేనేమో అనుకునేవాడు. మర్నాడు నీలం వరుసలో ఇంకోటి మేత వదిలేస్తే, కాదు కాదు, ఇవే అనుకునేవాడు. చేసేదిలేక రెండు వరుసల మీదా జాలిపడటం మొదలుపెట్టాడు. ఇరవై నాలుగింటి మీద జాలిపడి ఇంటికి వెళ్లేసరికి ఒళ్లు హూనమయ్యేది. పేర్లు మాత్రం పెట్టలేదు. ఒట్టు పెట్టుకున్నాడు. ఆకమ్మాయి కూడా చిక్కిపోయింది. ఏ వరుసను ప్రేమించాలో ఆమెకూ తెలియదు పాపం. ఒకరోజు సూది వేస్తూ వేస్తూ, ఎవరి పక్షమూ లేకపోతే ఇంత కష్టంగా ఉంటుందని తెలియదు బాబాయ్ అంది.

రెండు నెలలు, ఒక వారం కాపురం, మూడు వారాలు. పెద్దాయన రిటైర్ కావడానికి సరిగ్గా నాలుగు రోజుల ముందు పిల్లల లెక్క పూర్తయింది. ఎర్ర మూతల వరుసలో ఏడు తండ్రులయ్యాయి. నీలం మూతల వరుసలో ఒకే ఒక్కటి. పెద్ద మేడం కవరు తెచ్చి అందరి ముందు చింపింది. ఆకమ్మాయి బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ఎరుపు ఆకుమందు అని ఉంది.

ఆమె ఎత్తు పీట మీద కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. మూడేళ్లలో మొదటిసారి ఏడ్చింది, అదీ ఆనందంతో. పెద్దాయన కూడా చీపురు పట్టుకుని ఏడ్చాడు. ఇద్దరి ఏడుపూ తగ్గాక పెద్ద మేడం రిజిస్టర్ వంగి చూస్తూ, ఇంతకీ నీలం వరుసలో ఈ ఒక్కటి ఎలా తండ్రయింది అంది. అంటూనే తలెత్తింది. ఆకమ్మాయీ తలెత్తింది. ఇద్దరూ కలిసి పెద్దాయన వంక చూశారు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన రెండు అడుగులు వెనక్కి వేశాడు.

"నేను చుక్క కూడా పొయ్యలేదు మేడం. ఫ్లాస్కు మీరే కడిగారు."

"తెలుసు" అంది ఆవిడ. "జబ్బు పడ్డ పన్నెండింట్లో ఒకటి ఇలా ఎదురు తిరగడం మామూలే. పన్నెండూ నాకు కావలసినట్టే నడుచుకుని ఉంటే అప్పుడు మీ ఇద్దర్నీ అనుమానించేదాన్ని."

ఆవిడ వెళ్లాక పెద్దాయనకు ఒక భయం పట్టుకుంది. ఏడుకు సున్నా అంటే ఎంత దర్జాగా ఉంటుంది, ఈ ఒక్కటీ పంటి కింద రాయి. పిల్ల మళ్లీ చుట్టూ చూసి ఎవరూ లేరని అనుకుంటే? మెల్లగా బల్ల దగ్గరికి వెళ్లి, ఆ ఒక్కటీ రాశావా అమ్మాయ్ అని అడిగాడు. ఆమె రిజిస్టర్ ఆయన వైపు తిప్పి చూపించింది. పేజీలో అన్నిటికంటే పైన, ఎర్ర వరుస లెక్క ఇంకా మొదలుపెట్టక ముందే, నీలం వరుస, ఒకటి అని గుండ్రటి అక్షరాలతో ఉంది.

"అదే ముందు రాశాను బాబాయ్."

పెద్దాయన తల ఊపి నీలం మూతల వరుసలో ఆ పంజరం దగ్గరికి వెళ్లాడు. తండ్రిగారు మధ్యలో బోర్లా పడుకుని, ఎవరొచ్చినా లేవనట్టు ఉన్నారు. తలుపు మీది కాగితం వంక ఒకసారి చూశాడు. ఇంకో నాలుగు రోజులే కదా దానితో పని. వంగి, మూడో నియమం తప్పకుండా చాలా నెమ్మదిగా, "ఆరుగురట వియ్యంకుడుగారూ, అందరూ క్షేమం" అని చెప్పి, నీళ్ల సీసాలో మంచినీళ్లు నింపడానికి తొట్టి దగ్గరికి వెళ్లాడు.